ఎండలో పెట్టిన పెంకులు

మా మిద్దె మీద ఒక మూల మిరపకాయలు, ఇంకో మూల పెంకులు ఎండుతుండేవి. మిరపకాయలు అమ్మవి, పెంకులు నావి. వనపర్తిలో మా వీధివాళ్ళకు మిరపకాయల గురించి ఏ అనుమానమూ లేదు కానీ పెంకుల గురించి చాలా ఉండేవి. మిద్దె ఇంటి మీద మళ్ళీ పెంకులు కప్పుతారా అని ఎదురింటి పెద్దమ్మ నెలకొకసారైనా అడిగేది.

"కప్పనీకి కాదు పెద్దమ్మా, పగలగొట్టనీకి" అనేదాన్ని.

"పగలగొట్టేదాన్ని ఎండబెట్టుడు ఎందుకే?"

ఆమె అమాయకంగా అడిగిన ఆ ప్రశ్నలోనే మా వృత్తి రహస్యం మొత్తం ఉంది. జవాబు చెప్పకుండా నవ్వేసి మెట్లు దిగేదాన్ని.

నేను కరాటే నేర్పేదాన్ని. రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అన్నీ అప్పుడు ఒకే జిల్లా. నా వారమంతా ఆ మూడు ఊళ్ళ మధ్యే తిరిగేది. సోమ, గురువారాలు ఇంటి దగ్గర వనపర్తిలో, మంగళ, శుక్రవారాలు నాగర్‌కర్నూల్లో, బుధ, శనివారాలు గద్వాలలో. ఆదివారం ఒళ్ళు నొప్పులకు. భుజాన పెద్ద సంచి, అందులో పిల్లలు గుద్దడానికి, తన్నడానికి దూది కుక్కిన దిండ్లు. ఆ సంచిని చూసి కండక్టర్లు వదిలిపెట్టేవాళ్ళు కాదు. "మేడం, గిందుల ఏముంది? పరుపా?" అని ఒకాయన ప్రతి బుధవారం అడిగేవాడు. "అవునన్నా, బీచుపల్లి దాటినంక పడుకుంట" అని నేనూ ప్రతి బుధవారం చెప్పేదాన్ని. కృష్ణ మీద వంతెన దాటుతున్నప్పుడు ఆయన వెనక్కి తిరిగి చూసి నవ్వేవాడు.

కరాటే మేడం అంటే జనానికి గుర్తొచ్చేది పెంకులే. పిల్లను చేర్పించడానికి వచ్చిన తండ్రి ముందుగా అడిగేది, "ఎన్ని దినాలల్ల పెంకులు పగలగొడ్తది?" అని. నిలబడటం నేర్చుకోవడానికే మూడు నెలలు పడుతుందంటే మొహం చిన్నబుచ్చుకునేవాళ్ళు. ఇంట్లో ఇన్నేళ్ళుగా నిలబడుతున్న పిల్లకు మళ్ళీ నిలబడటం నేర్పే ఈమె ఎవరన్నట్టు చూసేవాళ్ళు.

నా పని ఏమిటో వాళ్ళకు చెప్పినా అర్థమయ్యేది కాదు, మొదట్లో నాకే సరిగ్గా తెలియదు. క్లాసు మొదలవగానే అందరి గోళ్ళూ చూడాలి. ఉంగరాలు, పట్టీలు, గాజులు తీయించాలి. పొద్దున తినకుండా వచ్చిందెవరో మొహం చూసి పట్టుకోవాలి, లేకపోతే పది గుంజీలకే కళ్ళు తిరిగి పడిపోతారు. చీకటి పడకముందే ఎవరు ఎవరితో ఇంటికి పోతున్నారో లెక్క చూసుకోవాలి. అంతటితో అయిపోతుందా అంటే అదీ కాదు. నాగర్‌కర్నూల్లో ఒక తల్లి తన ఇద్దరు కొడుకులనూ చెరో చేత్తో పట్టుకుని గ్రౌండు దాకా వచ్చింది. చిన్నవాడు పెద్దవాణ్ణి మంచం మీది నుంచి తన్ని పడేశాడట. "నేర్పింది నువ్వే గద, ఇగ నువ్వే చెప్పు" అని వాళ్ళిద్దరినీ నా ముందు నిలబెట్టి మార్కెట్‌కు పోయింది. ఇంకొకావిడైతే, "మేడం, మీరు చెప్తే ఇంటడు, జర కాకరకాయ తినుమని చెప్పుండ్రి" అని బతిమాలింది. నేను చెప్పాను. వాడు తిన్నాడట. కాకరకాయ నాకూ పడదు, ఆ సంగతి వాడికి ఇప్పటికీ తెలియదు.

నాకు నేర్పిన మాస్టర్ పాలమూరులో ఉండేవాడు. చాలా తక్కువ మాట్లాడే మనిషి. నల్ల బెల్టు కట్టిన రోజున ఏదో గొప్ప మాట అంటాడని నేను చెవులు రిక్కించుకుని నిలబడితే, "రేపటి సంది పిల్లలొస్తరు. ఎట్ల అప్పజెప్పిన్రో అట్ల తిరిగి అప్పజెప్పు. గుద్దుడు, తన్నుడు తర్వాత సంగతి" అన్నాడు. అప్పుడు నాకది ఉప్పులేని పప్పులా అనిపించింది. ఇంత కష్టపడి నేర్చుకుంది పిల్లల్ని ఇంటికి పంపడానికా అనుకున్నాను.

పెంకుల రహస్యం చెప్పింది కూడా ఆయనే. పాత ఇళ్ళు కూల్చిన చోట దొరికే బెంగుళూరు పెంకులు తెచ్చి, పది పన్నెండు రోజులు బాగా ఎండలో పెట్టాలి. లోపలి తేమంతా పోవాలి. అలా ఎండిన పెంకును వేలి కణుపుతో కొడితే కంచు గిన్నెలా ఖణేలుమంటుంది. తడి పెంకు దబ్బుమంటుంది. ఖణేలుమన్నది దెబ్బకు రెండు ముక్కలవుతుంది. దబ్బుమన్నది దెబ్బను మింగి చేతికి తిరిగి ఇస్తుంది. ఎంత ఎండినా సరిగ్గా కొట్టడం రాకపోతే పగలదనుకోండి, కానీ సగం పని చేసేది ఎండే. ఈ సంగతి చూసేవాళ్ళకు చెప్పరు. అది మోసం కాదు, చుట్టాలు రాకముందే తాలింపు సామాను సిద్ధం చేసుకోవడం లాంటిదని నాకు నేను సర్దిచెప్పుకునేదాన్ని. అయినా చప్పట్లు కొడుతున్నప్పుడు లోపల కాస్త సిగ్గుగానే ఉండేది.

గద్వాలలో కోట గోడకు దగ్గరగా ఒక సందులో చిన్న దర్జీ దుకాణం ఉండేది. మా పిల్లల తెల్ల బట్టలన్నీ అక్కడే కుట్టించేదాన్ని. దర్జీకి నలభై ఏళ్ళుంటాయి. మెడలో కొలత టేపు నిద్రలో కూడా తీసేవాడు కాదేమో. మొదటిసారి నమూనాకు ఒక జత కుట్టి ఇచ్చి, ఎలా ఉందన్నట్టు నా మొహం చూశాడు. అంతా బాగుంది, ఎడమ వైపు గుండె మీద చక్కటి జేబు కూడా ఉంది.

"ఈ జేబెందుకు భాయ్?"

"పెన్ను పెట్టుకోనీకి మేడం. ఇస్కూలు పిల్లలు గదా."

నవ్వు ఆపుకోలేకపోయాను. ఆయన కూడా నవ్వి, అక్కడే కూర్చుని జేబు విప్పేశాడు. 

ఆయన్ను 'అబ్బా' అని పిలిచే కూతురు ఎనిమిదో తరగతి చదివేది. సాయంత్రాలు దుకాణంలో ఒక మూల కూర్చుని గుండీల కాజాలు కుట్టేది. ఆ పిల్ల కుట్టిన కాజా చొక్కా చిరిగినా చిరగదని గద్వాలలో పేరు. పెళ్ళిళ్ళ కాలంలో షేర్వాణీలు కుట్టించుకునేవాళ్ళు కాజాల కోసమే ఆ దుకాణానికి వచ్చేవాళ్ళు. మా బట్టలు ఇవ్వడానికి తండ్రితో గ్రౌండుకు వచ్చినప్పుడు క్లాసు చూసింది. అప్పటి నుంచి ఇంట్లో అదే పోరు. ఆరు నెలలు తల్లి ఒప్పుకోలేదు.

చివరకు ఒక బుధవారం తండ్రే వెంటబెట్టుకుని వచ్చాడు. గ్రౌండు బయటే చెప్పులు విడిచాడు. అక్కడ చెప్పులు విడవాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు. కూతురి కుడి చెయ్యి పట్టుకుని ముందుకు చాపాడు.

"మేడం, ఈమె ఊకుంటలేదు. పంపుత. కని ఈ చెయ్యి జర చూసుకోండ్రి. మా ఇంట్ల కాజాలు కుట్టే చెయ్యి ఇదొక్కటే. దీనికి ఏమన్న అయితే వాళ్ళమ్మ ఇగ ఎన్నడు పంపనియ్యదు. నేను గూడ ఆమెకు మాటిచ్చి తోల్కొచ్చిన."

ఆ చేతి వేళ్ళ చివర్లలో సూది గుచ్చుకున్న చిన్న చిన్న చుక్కలున్నాయి. నేను బస్సు టైము చూసుకుంటూ, "ఆ చేతికి నేను జిమ్మేదార్ భాయ్, మీరు పరేషాన్ కాకుండ్రి" అన్నాను. పూచీ నాదని చాలా సులభంగా అనేశాను. ఆయన మాత్రం ఆ మాటను రసీదు మడిచి జేబులో పెట్టుకున్నంత జాగ్రత్తగా విన్నాడు.

రెండేళ్ళలో ఆ పిల్ల నాకు దొరికిన పిల్లలందరిలోకీ మంచి విద్యార్థి అయింది. బలం వల్ల కాదు, ఓపిక వల్ల. ఒకే కుట్టును వెయ్యిసార్లు వేసిన చెయ్యికి ఒకే గుద్దును వెయ్యిసార్లు గుద్దడం విసుగనిపించలేదు. మిగతా పిల్లలు ఎప్పుడు అయిపోతుందా అని గడియారం చూస్తుంటే ఈమె తన పిడికిలి చూసుకునేది. నాకు ముద్దొచ్చేది, పైకి మాత్రం చూపించేదాన్ని కాదు.

గద్వాలలో మా క్లాసు ఒక ప్రైవేటు స్కూలు ఆవరణలో జరిగేది. ఆ స్కూలు కరస్పాండెంటుకు హంగామా అంటే ప్రాణం. ఆ ఏడు దసరా సెలవుల తర్వాత స్కూలు వార్షికోత్సవం పెట్టుకున్నారు. "మన ఇస్కూల్ల ఆడపిల్ల మూడు పెంకులు పగలగొట్టాలె మేడం. ఇగ వచ్చే ఏడు అడ్మిషన్లకు చూసుకోనక్కర్లేదు" అన్నాడు. ఎవరి చేత కొట్టించాలో నన్ను అడగనవసరం లేదు. ఆ పిల్ల అప్పటికే నా వైపు చూస్తోంది. నిజం చెప్పాలంటే నాకూ ఆశగానే ఉంది. తండ్రి మాత్రం వారం రోజులు ఆలోచించాడు. చివరకు, "మీరున్నరు గదా" అన్నాడు. ఇంట్లో తల్లిని ఎలా ఒప్పించాడో నేను అడగలేదు.

ఈసారి పెంకులు మరీ జాగ్రత్తగా ఎండబెట్టాను. అమ్మ మిరపకాయలను కూడా పక్కకు జరిపి మంచి ఎండ తగిలే మూల ఆక్రమించాను. డజను పెంకులు గోనెసంచిలో కట్టుకుని రెండు దఫాలుగా బస్సులో గద్వాలకు చేరవేశాను. కండక్టరు ఈసారి పరుపా అని అడగలేదు, సంచి ఎత్తబోయి నడుము పట్టుకున్నాడు. సెలవులకు ముందే స్కూల్లోని ఆటసామాను గదిలో పెట్టి, తాళంచెవి స్కూలు ఆయమ్మకు ఇచ్చి, "ఆయమ్మా, జర భద్రం" అని చెప్పి పండక్కి ఇంటికి వెళ్ళిపోయాను.

వార్షికోత్సవం దసరా అయిన మూడో రోజు, శనివారం సాయంత్రం. ఎర్రవల్లి దగ్గర మా బస్సు టైరు పోయింది. నేను స్కూలుకు చేరేసరికి షామియానా నిండిపోయింది, మైకు మోగుతోంది. పరుగెత్తి సామాను గది తలుపు తీశాను. పెంకులు చక్కగా ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. ఒక్కో దానికీ పసుపు రాసి, మూడేసి కుంకుమ బొట్లు పెట్టి, పైన రెండు బంతిపూలు ఉంచారు. పక్కనే ఉన్న ఇనుపగుండుకు, స్కిప్పింగ్ తాళ్ళకు, ఫుట్‌బాల్ పంపుకు కూడా బొట్లున్నాయి. ఆయుధ పూజ చేశారన్నమాట. ఎంత ముద్దుగా ఉన్నాయో అనుకున్నాను. ప్రతిసారీ పెంకును వేలితో కొట్టి చప్పుడు వింటాను. ఆ రోజు బొట్టు చెరిగిపోతుందని కొట్టలేదు. ఆ తప్పు నాదే.

రెండో తప్పు కూడా నాదే. ఎప్పుడైనా ముందు నేనొక పెంకు పగలగొట్టి, ఆ తర్వాతే పిల్లల్ని పిలుస్తాను. ఆ రోజు ముఖ్య అతిథి తొందరగా వెళ్ళాలట. "టైం లేదు మేడం, సీదా అమ్మాయినే పిలువుండ్రి" అని కరస్పాండెంటు చెవిలో చెప్పాడు. సరేనన్నాను.

ఆ పిల్ల వేదిక మీదికి వచ్చి నమస్కరించింది. తండ్రి కుట్టిన తెల్ల బట్టలు, ఇస్త్రీ చేసిన మడత కూడా నలగలేదు. మూడో వరుసలో తండ్రి కూర్చుని ఉన్నాడు, మెడలో టేపుతోనే. తల్లి ఆడవాళ్ళ వైపు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. నేను బొట్లు చెరగకుండా అంచులు పట్టుకుని రెండు ఇటుకల మీద మూడు పెంకులు పెట్టి, సర్దడానికి పై పెంకు మీద అరచెయ్యి ఆనించాను.

చల్లగా ఉంది. నీళ్ళు నింపిన కొత్త కూజాను ముట్టుకున్నట్టుంది. బొట్టు సంగతి మరిచి వేలితో కొట్టాను. దబ్బుమంది. రెండోదీ అంతే, మూడోదీ అంతే.

తల ఎత్తి చూస్తే, అప్పటికే ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్న ఆ పిల్ల చూపు పెంకు మధ్యలో నిలిచి ఉంది. ఊపిరి కూడా నేను నేర్పినట్టే పీలుస్తోంది. ఇంకొక్క క్షణమైతే కొట్టేది. పెంకు ఎలాంటిదని అడిగేది కాదు, ఎందుకంటే అక్కడ పెట్టింది నేను. ఆ పిల్ల చేతి ఎముకలు నా కళ్ళ ముందు కదిలాయి.

"ఆగు. లే బిడ్డా" అన్నాను.

"మేడం, నేను కొడ్త."

"లే అంటున్న గదా."

లేచింది. నాకు తన మీద నమ్మకం పోయిందనుకుంది, కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. షామియానాలో గుసగుసలు మొదలయ్యాయి. వెనక నుంచి ఎవడో, "భయపడ్డది ర!" అని అరిచాడు. కరస్పాండెంటు నా పక్కకు వచ్చి పళ్ళ మధ్య నుంచి, "ఏంది మేడం గిది, గెస్టు ముందల పరువు తీస్తున్నరు. ఆమె కాకుంటే మీరన్న కొట్టుండ్రి" అన్నాడు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. చిన్నప్పటి నుంచీ అమ్మ చెప్పి చెప్పి అలిసిపోయిన సంగతే. ఆ అరిచినవాడి మీద కోపం, కరస్పాండెంటు మీద కోపం, అన్నిటికంటే ముందు వేలితో కొట్టి చూడని నా మీద కోపం. తడి పెంకులని తెలుసు. తెలిసే మోకాళ్ళ మీద కూర్చుని కొట్టాను.

పైది రెండయింది. రెండోదానికి సన్నని గీత పడింది. మూడోదాని మీద కుంకుమ బొట్టు కూడా చెదరలేదు. నా చేతి అంచు నుంచి భుజం దాకా ఏదో పాకింది. "ఒక్కటే!" అని మళ్ళీ వాడే అరిచాడు, చాలామంది నవ్వారు.

ఎడమ చేత్తో మైకు అందుకున్నాను. ఏం మాట్లాడానో చాలామంది తర్వాత నాకే చెప్పారు కాబట్టి గుర్తుంది. "ఈ పెంకులు తడిగున్నయి. తడి పెంకు పగలదు. మేము పది దినాలు ఎండబెట్టి తెస్తం, అందుకే పగులుతయి. గిది మీకు ఎవ్వరు చెప్పరు, నేను చెప్తున్న. ఈ పిల్ల భయపడలే. నేనే చూసుకోకుండ పెట్టిన. కొట్టి ఉంటే ఆమె చెయ్యి విరుగుతుండె." అంతే. వెనక వరుసలో ఒక ముసలాయన "ఓహో, గట్లనా!" అన్నాడు. తర్వాత పాపం చిన్నపిల్లల డాన్సు మొదలుపెట్టారు.

వేదిక వెనక ఆయమ్మ చెంబుతో నీళ్ళు పట్టుకుని నిలబడింది. ఆమెను తిట్టాలని గట్టిగా అనుకునే దిగాను.

"ఆయమ్మా, పెంకులు కడిగినవా?"

"కడిగిన మేడం. మస్తు దుమ్ముండె. ఒక రాత్రంత తొట్ల నానబెట్టి, పీచు వెట్టి తోమి, అట్లనే పేర్చి తలుపేసిన. ఆయుధాలు గదా, మురికితోని పసుపెట్ల రాస్త? ఆ పిల్ల చేతికి దెబ్బ తగలొద్దని మొక్కి బొట్టు వెట్టిన." అంటూ ఏడ్చేసింది.

ఇక ఏం తిడతాను? ఆమె చేతిలోని నీళ్ళు తాగి, "నేనే చెప్పలేదు నీకు" అన్నాను. ఎండబెట్టిన సంగతి అందరి దగ్గరా దాచాను, తాళం ఇచ్చిన మనిషి దగ్గర కూడా.

అప్పుడే దర్జీ వచ్చాడు. ఆయన లేచి రావడం వేదిక మీది నుంచే చూశాను. పిల్లను తీసుకుని వెళ్ళిపోతాడు, రెండేళ్ళ కష్టం ఇంతటితో ముగిసింది అనుకున్నాను. ఆయన ముందు కూతురి కుడి చెయ్యి తీసుకుని ఒక్కో వేలూ వంచి చూశాడు. ఆ తర్వాత నా వైపు తిరిగి, "మీదేది, చూపియ్యుండ్రి" అన్నాడు. నా చెయ్యి అప్పటికే బూరెలా ఉబ్బింది.

దుకాణం దగ్గరే. అక్కడికి తీసుకెళ్ళి, కాలర్లలో వేసే బిరుసు కాన్వాసు గుడ్డ నిలువునా చించి, విరిగిన కొలబద్ద ముక్క అరచేతి కింద పెట్టి గట్టిగా కట్టాడు. ఆ పిల్ల పట్టీ చివర నాలుగు కుట్లు వేసింది. తల్లి కూడా వచ్చి గడప దగ్గర నిలబడింది.

"బుధారం పంపుత మేడం" అన్నాడు దర్జీ, ముడి చూసుకుంటూ.

నేను తల్లి వైపు చూశాను. ఆమె చాయ్ గ్లాసు నా ఎడమ చేతికి అందించింది.

"ఇంత జరిగినంక గూడ పంపుతరా?" అన్నాను.

"ఇంత జరిగినందుకే. అంతమంది సూస్తుంటే ఆపిన్రు. పరువు పోతదని కొట్టనియ్యలే. మీరు అన్న మాట మీద ఉన్నరు." పట్టీ సర్ది, "మరి మీ చెయ్యెందుకు పాడు చేసుకున్నరు?" అన్నాడు.

"కోపమొచ్చింది భాయ్."

ఆయన నవ్వాడు. "ఆ చేతికి గూడ ఎవరన్న జిమ్మేదార్ ఉండాలె గద మేడం!"

నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. నొప్పికి అనుకుని ఆ పిల్ల కట్టు వదులు చేయబోయింది.

సర్కారు దవాఖానలో డాక్టరు ఎముక సన్నగా చిట్లిందని చెప్పి, కట్టు ఎవరు కట్టారని అడిగాడు. దర్జీ అంటే, పర్వాలేదు, గట్టిగానే కట్టాడన్నాడు. మూడు వారాలు ఒంటి చేత్తో మూడు ఊళ్ళూ తిరిగాను. సంచి కండక్టరే ఎక్కించి దించేవాడు. అన్నం అమ్మ కలిపి పెట్టేది, ప్రతి ముద్దకూ ఒక తిట్టు. "పెంకులు కాదే, నిన్నే ఎండబెట్టాలె మిద్దె మీద" అనేది. ఎదురింటి పెద్దమ్మకు కూడా చివరకు రహస్యం చెప్పేశాను. "గింతేనా?" అని ఆమె నిరాశపడింది. కరస్పాండెంటు పదిహేను రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత ఎవరో తల్లిదండ్రులు వచ్చి, పిల్ల చెయ్యి కాపాడిన మేడం ఉండేది ఈ స్కూల్లోనే కదా అని అడిగారట. ఆ మర్నాటి నుంచి ఆయనే నాకు కుర్చీ వేయించడం మొదలుపెట్టాడు.

బుధవారం ఆ పిల్ల వచ్చింది. మరుసటి వారం నేను దుకాణం ముందు నుంచి పోతుంటే రేకుల కప్పు మీద ఏదో ఎర్రగా కనిపించింది. పెంకులు. స్కూల్లో మిగిలిన మా పెంకులే, ఒకదానికొకటి తగలకుండా, కుట్టడానికి కత్తిరించి పరిచిన గుడ్డ ముక్కల్లా వరుసగా ఉన్నాయి. "ఎండ మంచిగ పడ్తున్నది మేడం, ఈడనే ఉండనియ్యుండ్రి" అన్నాడు దర్జీ మిషను మీది నుంచి తల ఎత్తకుండా. సందులో అందరికీ తెలిసిపోయింది. చలికాలమంతా వాటిని ఒకరు కాకపోతే ఒకరు తిప్పి వేసేవాళ్ళు. ఆయమ్మ కూడా వచ్చి దూరం నుంచి చూసి పోయేది, ముట్టుకునేది కాదు.

జనవరిలో జెండా పండుగ పొద్దున, అదే స్కూలు గ్రౌండులో, ఆ పిల్లకు మళ్ళీ అవకాశం వచ్చింది. పెంకులు నేనే దుకాణం నుంచి తెచ్చాను. ఒక్కోదాన్నీ కొట్టి విన్నాను, మూడూ ఖణేలుమన్నాయి. ముందు నేనొకటి పగలగొట్టి చూశాను కూడా. ఈసారి ఏ లోపమూ లేదని ధీమాగా పెంకులను గడ్డి మీద పేర్చి, జెండా ఎగరేసేదాకా, ప్రసంగాలు అయ్యేదాకా పిల్లల వరుసలు సర్దుతూ ఉన్నాను.

పేరు పిలిచారు. ఆ పిల్ల వచ్చింది, నమస్కరించింది. ఇటుకల మీద పెంకులు పెట్టబోతుంటే, "నేను పెడ్త మేడం" అంది. వంగి ఒక్కోదాన్నీ తీసి, వేలి కణుపుతో కొట్టి, చెంపకు ఆనించుకుని చూసింది. మొదటిది పెట్టింది. రెండోది పెట్టింది. అడుగున గడ్డికి ఆనుకుని ఉన్న మూడోదాన్ని రెండుసార్లు కొట్టి, చెంపకు ఆనించి, పక్కన పెట్టేసింది.

"ఇది వద్దు మేడం. సల్లగుంది."

నేను ముట్టుకుని చూశాను. నిజమే. రాత్రి కురిసిన మంచుకు గడ్డి తడిసి ఉంది, గంటసేపు ఆ పెంకు ఆ తడిని పీల్చింది. గడ్డి సంగతి నాకు తట్టనే లేదు. మైకులో కరస్పాండెంటు అప్పటికే "ఇప్పుడు మూడు పెంకులు!" అని చెప్పేశాడు. వెనక నుంచి ఎవరో, "రెండేనా?" అన్నారు. ఆ పిల్ల వినిపించుకోలేదు. ఊపిరి పీల్చి, చెయ్యి ఎత్తి, కొట్టింది. రెండూ ఒక్కసారే పగిలి ఇటుకల మధ్య పడ్డాయి.

అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. కళ్ళు తడిసి సరిగ్గా ఏమీ కనపడలేదు. రెండేళ్ళ కింద బస్సు టైము చూసుకుంటూ ఒప్పుకున్న జిమ్మేదారిని ఆ పిల్ల నన్ను అడగకుండానే తన చేతిలోకి తీసుకుంది. నాకంటే బాగా చూసుకుంటుందని కూడా తెలిసింది. అంత సంతోషం నాకు నల్ల బెల్టు కట్టిన రోజున కూడా కలగలేదు. పాలమూరు మాస్టర్ మాట ఉప్పులేని పప్పు కాదని అప్పటికి నాకు బాగానే అర్థమైంది.

తండ్రి ముందుకొచ్చి ఎప్పటిలాగే కూతురి వేళ్ళు ఒక్కోటీ వంచి చూశాడు. తర్వాత గడ్డి మీద మిగిలిన పెంకును కాలి వేలితో చూపించి, "మరి గిది?" అని అడిగాడు.

ఆ పిల్ల దాన్ని తీసి, అడుగున అంటిన గడ్డిపరకలు దులిపి, తండ్రి చేతిలో పెట్టింది.

"పైన ఎండనియ్యి అబ్బా. మళ్ళ కొడ్త."